సాకెట్ మీది కావచ్చు, చెయ్యి మాది

"ఎమ్యులేటర్ వేసుకుంటే పోలా?"

పాత టీవీ గేమ్‌కి వేరే జాయ్‌స్టిక్ తగిలించడానికి అడాప్టర్ చేస్తున్నానని ఎవరితో అన్నా మొదట వచ్చే మాట ఇదే. అనేది ఇంటిపక్కాయనో, కూరగాయల కొట్టాయనో అయితే బాధ లేదు. మన సాఫ్ట్‌వేరోళ్ళే! రోజంతా ఇంటర్‌ఫేసులూ, లూజ్ కప్లింగూ అంటూ వైట్‌బోర్డు నిండా డబ్బాలూ బాణాలూ గీసేవాళ్ళు, తీగ చివరున్న ఒక్క డబ్బా మార్చుకుంటానంటే మాత్రం మొత్తం సిస్టమ్ పారేసి ఇంకోటి తెచ్చుకోమంటారు. రెండో రకం వాళ్ళు "ఒరిజినల్ రిమోటుతో ఆడకపోతే అది ఆడినట్టే కాదు" అంటారు. మూడో రకం మహా ఉదారులు, "పీఎస్5 కొనుక్కోవచ్చుగా, ఈఎంఐలో ఇస్తున్నారు" అంటారు. ముగ్గురికీ కలిపి ఒకేసారి చెబుదామని కూర్చున్నా. కాస్త పొడుగవుతుంది, టీ తెచ్చుకోండి.

నా వాదన ఒకటే. గేమ్ పెట్టె ముందున్న సాకెట్ ఒక ఒప్పందం. పెట్టె ఏమడుగుతుందో, దానికి ఏం జవాబు రావాలో అంతవరకే ఆ ఒప్పందం. ఆ జవాబు బొటనవేలితో నొక్కితే వచ్చిందా, మోచేత్తో నొక్కితే వచ్చిందా, కాలితో తొక్కితే వచ్చిందా అన్నది ఆడేవాడి సొంత వ్యవహారం. పాత పెట్టెలు ఈ హద్దు దాటలేదు. పెద్ద మనసుతో కాదు లెండి, దాటేంత సరుకు వాటిలో లేదు కాబట్టి. ఇప్పటి పెట్టెలు దాటుతున్నాయి. దాటించేది ఎవరయ్యా అంటే, మనలాగా పొద్దున స్టాండప్‌కి పోయి జిరా టికెట్లు మూసేవాళ్ళే.

ముందు పాత పెట్టెల సంగతి. తొంభైల్లో మా నెల్లూరు వైపు పిలకాయలకి టీవీ గేమ్ అంటే మద్రాసు. పొద్దున రైలెక్కిపోయి బర్మా బజార్లోనో రిచీ స్ట్రీట్లోనో బేరమాడి, సాయంత్రానికి అట్టపెట్టెతో దిగిన బాబాయి ఆ వారమంతా వీధికి హీరో. దేశంలో సమురాయ్, లిటిల్ మాస్టర్, మీడియా లాంటి పేర్లతో కూడా అమ్మారు. పైన స్టిక్కరు ఏదైనా, అందులో చాలావాటి లోపల ఉన్నది ఒకటే - 1983లో జపాన్లో నింటెండో వదిలిన ఫామికామ్ బుర్ర, లేదా దాని నకలు. క్యాసెట్ మీద "99 లక్షల గేములు" అని ఉండేది, లోపల చూస్తే అవే పదో ఇరవయ్యో తిరగేసి మరగేసి. ఆ లెక్క ఎవడు వేశాడో గానీ వాడు ఇప్పుడు ఏదో స్టార్టప్‌లో యూజర్ నంబర్లు చూస్తుండాలి :)

ఇక్కడ సముద్రం సంగతి కొంచెం చెప్పాలి. కావలి దగ్గర తుమ్మలపెంట మొదలుకొని జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం దాకా సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళల్లో ఇనుము బతకదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలే పెచ్చులూడిపోతాయి, ఇక రిమోటు ప్లగ్గులో పిన్నులనగా ఎంత! పచ్చగా చిలుము పడతాయి. రిమోటు లోపల రబ్బరు బొత్తాల కింద నల్లటి కార్బన్ బిళ్ళలుంటాయి, బోర్డు మీది గీతల్ని కలిపేవి అవే. అరిగిపోయి, చెమ్మ పట్టి, ముందు "ఏ" పోతుంది, తర్వాత కుడి వైపు పోతుంది. మారియో ఎడమ వైపుకి మాత్రమే పోగలిగితే ఇంక ఆటేముంది? పెట్టె లోపలి చిప్పులు మాత్రం చెక్కుచెదరవు. అటక మీద పడున్న పదింటిలో ఎన్నో పెట్టె చచ్చి కాదు, రిమోటు చచ్చి అటకెక్కినవి. గుమ్మం తలుపు గొళ్ళెం ఊడిందని ఇల్లు అమ్ముకున్నట్టు!

పాతసామాన్ల వాడికి పోతున్న ఆ పెట్టె అడిగే ప్రశ్న ఎంత చిన్నదో చూడండి. అందరికీ తెలియాల్సినంత అందమైన విషయం ఇది.

ఫామికామ్ రిమోటులో ఉన్నది 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్. ఎనిమిది బొత్తాలు, ఎనిమిది బిట్లు. పెట్టె నుంచి ఐదు తీగలు - 5 వోల్టులు, గ్రౌండు, లాచ్, క్లాక్, డేటా. గేము ప్రోగ్రాము లాచ్ తీగని ఒకసారి ఎత్తి దించుతుంది, ఆ క్షణంలో ఏ బొత్తాలు నొక్కి ఉన్నాయో ఆ ఫొటో చిప్పులో నిలిచిపోతుంది. తర్వాత క్లాక్ తీగ మీద ఒక్కో తట్టు తడితే డేటా తీగ మీద ఒక్కో జవాబు. ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి - ఎప్పుడూ ఇదే వరస. నొక్కి ఉంటే సున్నా వోల్టులు, లేకపోతే ఐదు. మన పాల్ టీవీల మీద సెకనుకు 50 ఫ్రేములు, అంటే గేము సాధారణంగా 20 మిల్లీసెకండ్లకోసారి ఈ ఎనిమిది ప్రశ్నలు అడుగుతుంది. అంతే ప్రొటోకాల్. హ్యాండ్‌షేక్ లేదు, టోకెన్ లేదు, "నువ్వు మా కంపెనీ వాడివేనా" అన్న ప్రశ్న లేదు.

దీనర్థం ఏంటంటే, మార్కెట్లో దొరికే ఒక 4021 చిప్పు, ఎనిమిది 10కే రెసిస్టర్లు, మీకు నచ్చిన ఏ ఎనిమిది స్విచ్చులైనా సరే తీసుకుంటే రిమోటు తయారు. ఒక్క లైను కోడ్ అక్కర్లేదు. ఆర్కేడ్ స్టిక్ లోపల ఉండేది నాలుగు మైక్రోస్విచ్చులే. అది ఎడమ చేతి వైపు ఉందా కుడి చేతి వైపు ఉందా, పెట్టెకి అనవసరం.

ఇంకా తమాషా ఏంటంటే 1990లో వచ్చిన సూపర్ ఫామికామ్ రిమోటు కూడా ఇదే భాష మాట్లాడుతుంది, కాకపోతే ఎనిమిదికి బదులు పదహారు తట్లు. పాత పెట్టె మొదటి ఎనిమిది మాత్రమే అడిగి ఊరుకుంటుంది. కాబట్టి ఆ రిమోటుని పాత పెట్టెకి కలపాలంటే చిప్పు కూడా అక్కర్లేదు, తీగకి తీగ అతికిస్తే చాలు. ఏడేళ్ళ తర్వాత వచ్చిన వెర్షన్‌తో వెనకటి పెట్టె మాట్లాడగలగడాన్ని మన భాషలో ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. మనం కిందటి క్వార్టర్లో రాసిన సర్వీసు ఈ క్వార్టర్ క్లయింటుతో మాట్లాడటం లేదు, అది వేరే కథ.

ఇప్పుడు ఎమ్యులేటర్ బాబుల దగ్గరికొద్దాం. ఎమ్యులేటర్లంటే నాకు విరోధం లేదు. క్యాసెట్లూ పెట్టెలూ ఎప్పటికైనా పోతాయి, ఆ రోజుకి ఆటలు మిగిలేది వాటివల్లే. రెట్రోఆర్చ్‌లో 2018లో వచ్చిన రన్-అహెడ్ అనే కిటుకుతో అసలు పెట్టె కంటే తక్కువ ఆలస్యంతో ఆడించవచ్చు కూడా, దాన్ని రాసినవాళ్ళకి దండం పెట్టాలి. నా గొడవల్లా "ఎమ్యులేటర్ ఉంది కాబట్టి అడాప్టర్ సమస్యే లేదు" అనే తర్కంతో. సమస్య ఎక్కడికీ పోలేదు, సాకెట్ మారిందంతే.

ఉదాహరణ చెబుతా. మా చిన్నాన్న కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద, ఇందుకూరుపేట దాటి మైపాడు పోయే దారిలో ఉంటాడు. రొయ్యల గుంటలు చూసుకుంటాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. ముంజేయి ఆడుతుంది, వేళ్ళు మాట వినవు. చిన్నప్పుడు వీధిలో కాంట్రా ఆడితే మా అందరికంటే ముందు చివరి స్టేజీ చూసింది వాడే. ఇప్పుడు వాడి కూతురికి అటక మీది పెట్టె కావాలి. నాన్నతోనే ఆడాలి. రెండు రిమోట్లూ చచ్చిపోయి ఉన్నాయి సరే, బతికున్నా వాడు పట్టుకోలేడు.

"ఫోన్లో ఎమ్యులేటర్ వేసియ్యరాదంట్రా" అని సలహా. ఫోన్లో ఆడాలంటే తెర మీద రెండు బొటనవేళ్ళు ఆడాలి. ఒక చెయ్యే ఉన్నవాడికి టచ్‌స్క్రీన్ కంటే పనికిమాలిన రిమోటు ఇంకోటి లేదు. పోనీ ల్యాప్‌టాప్‌లో వేద్దాం. అప్పుడు కూడా వాడి ముంజేతికీ, కాలికీ సరిపడే స్విచ్చులు కట్టాల్సిందే, వాటిని యూఎస్‌బీకి మార్చే బోర్డు పెట్టాల్సిందే. అదేగా అడాప్టర్! మరి ఆ కష్టమేదో పడేటప్పుడు, ఇంట్లో ఉన్న పెట్టెకీ ఇంట్లో ఉన్న టీవీకీ పడితే ల్యాప్‌టాప్ ఖర్చు మిగులుతుంది. పైగా ఆ అమ్మాయికి కావాల్సింది ఆ పెట్టే. దానికి వివరణ అడిగే హక్కు నాకూ లేదు, మీకూ లేదు.

కట్టినది ఇదీ. ఒడిలో పెట్టుకునేలా ఒక చెక్క. ఎడమ చేతికి ఆర్కేడ్ స్టిక్. కుడి ముంజేతి కింద అరచేయంత వెడల్పున్న గుండ్రటి ఆర్కేడ్ బొత్తాం, అది "బీ", కాల్చడానికి. ఎగరడానికి "ఏ" మాత్రం ఎడమ కాలి కింద. దానికి వాడింది ఏంటో తెలుసా? కాలింగ్ బెల్ స్విచ్చు! చిన్న చెక్క మీద బిగించి నేల మీద పెట్టాం. నొక్కినంత సేపే కలిసే స్విచ్చు, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, ముప్పై వేలసార్లు గంట కొట్టినా చావని జాతి. స్టార్టూ సెలెక్టూ చెక్క పక్కన రెండు చిన్న బొత్తాలు.

ఇంజనీర్లకి ఒక మాట, ఎందుకంటే ఇలాంటివి పుస్తకాల్లో దొరకవు. బెల్ స్విచ్చు 230 వోల్టుల కోసం చేసింది. అక్కడ కరెంటు గట్టిగా ఉంటుంది కాబట్టి పిన్నుల మీద పట్టిన పల్చటి తుప్పు పొరని అదే చీల్చుకుపోతుంది. మన 5 వోల్టుల్లో 10కే రెసిస్టర్ పెడితే పారేది అర మిల్లీయాంపు. అంత నీరసం కరెంటుకి ఉప్పుగాలి పొర ఒక గోడ. పదిసార్లు తొక్కితే రెండు మూడు సార్లు ఎగరడు. ఆ ఒక్క స్విచ్చుకీ 1కే పెడితే 5 మిల్లీయాంపులు పారతాయి, మాట వింటుంది. పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం ఎలాగూ తప్పదు. మైపాడు గాలికి బెంగుళూరు డేటాషీటు పనికిరాదు.

పెట్టె ముందున్న సాకెట్‌కి అది తగిలించాం. పెట్టెకి తేడా తెలియలేదు. తెలియకూడదు కూడా. ఎనిమిది ప్రశ్నలకి ఎనిమిది జవాబులు వచ్చాయి, దానికి అంతే కావాలి. మా వాడు మొదటి స్టేజీలోనే మూడు ప్రాణాలూ పోగొట్టుకుని, నేను వినడానికి కూడా సిగ్గుపడే మాటొకటి అని, మళ్ళీ స్టార్ట్ నొక్కాడు.

ఇహ రెండో రకం, "ఒరిజినల్" పురోహితులు. వీళ్ళకి ఎక్కువ చోటివ్వను. వేరే స్టిక్ తగిలించడం ఇప్పుడు పుట్టిన అపచారం కాదు. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటరుకి అసలు జాయ్‌స్టిక్ సాకెట్టే లేదు. కెంప్‌స్టన్ అనే బయటి కంపెనీ వాళ్ళు వెనక తగిలించే ఒక అడాప్టర్ చేశారు, 31వ పోర్టు చదివితే స్టిక్ జవాబు చెప్పేలా. గేములు రాసేవాళ్ళు దాన్నే ప్రమాణంగా పట్టుకున్నారు. ఆటారీ వాడు 1977లో పెట్టిన తొమ్మిది పిన్నుల సాకెట్‌ని కమొడోర్ 64 వాడుకుంది, అమీగా వాడుకుంది. ఒక ఇంట్లో కొన్న స్టిక్ పక్కింటి మెషీనుకి తగిలేది. అదే ఆ కాలపు "ఒరిజినల్" సంప్రదాయం, మీరు చెప్పేది కాదు. వీళ్ళది ఇంకో మాట ఉంది - అడాప్టర్ పెడితే ఆలస్యం వస్తుందని. పైన చెప్పిన 4021 బోర్డులో ఆలస్యం అనేది కొలవడానికి కూడా మిగలదు. యూఎస్‌బీ నుంచి మార్చే మంచి బోర్డుల్లో మిల్లీసెకండూ రెండూ. అదే మనిషి ఆ పెట్టెని తీసుకెళ్ళి గోడమీది ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తాడు, అది పాత సిగ్నల్‌ని సాగదీసి చూపించడానికే రెండు మూడు ఫ్రేములు తినేయొచ్చు. దాని గురించి మాత్రం మాట్లాడడు. (అన్నట్టు తుపాకీతో బాతుల్ని కాల్చే ఆట ఆ కొత్త టీవీ మీద అసలు పనిచేయదు, దానికి పాత పిక్చర్ ట్యూబు వెలుగే కావాలి. పాత టీవీని కూడా పారేయకండి.)

అయితే అడాప్టర్లు అన్నీ అమాయకమైనవనీ, ఎవరేది అమ్మినా తగిలించెయ్యమనీ నేననడం లేదు. అన్నిటికంటే పెద్ద ఉచ్చు ఆ తొమ్మిది పిన్నుల సాకెట్టే. ఆటారీ స్టిక్, సెగా మెగాడ్రైవ్ రిమోటు, మన టీవీ గేము రిమోటు - చాలావాటికి అదే ఆకారం, ఒకదాంట్లో ఒకటి చక్కగా దూరతాయి. దూరినంత మాత్రాన చుట్టాలు కావు. ఆటారీ స్టిక్కులో చిప్పు లేదు, ఒక్కో దిక్కుకి ఒక్కో తీగ. మెగాడ్రైవ్ రిమోటులో ఒక మల్టిప్లెక్సర్ ఉంటుంది, దాని 5 వోల్టుల పిన్ను ఒకచోట. ఆటారీలో ఆ వోల్టులు ఉండేది ఇంకోచోట. మన నకలు పెట్టెల్లో మరోచోట, అదీ అన్ని పెట్టెల్లో ఒకే చోట ఉంటుందన్న నమ్మకం లేదు. ఆకారం చూసి తగిలిస్తే చిప్పు కాలుతుంది. మల్టీమీటరు పెట్టి 5 వోల్టులు ఎక్కడుందో, గ్రౌండు ఎక్కడుందో రాసుకున్నాకే ప్లగ్గు ముట్టుకోండి. టైపులు చూడకుండా కాస్ట్ చేసే అలవాటున్న వాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నా.

సోల్డరింగ్ మీ వల్ల కాదంటే, ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. బ్లూరెట్రో అని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది. ఈఎస్‌పీ32 బోర్డులో ఆ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే బ్లూటూత్ రిమోట్లని రకరకాల పాత పెట్టెల భాషలోకి మారుస్తుంది. బోర్డు కొనేటప్పుడు పాత మామూలు ఈఎస్‌పీ32యే కొనండి. ఎస్3, సీ3 రకాల్లో క్లాసిక్ బ్లూటూత్ లేదు, వాటితో కుదరదు. ఆ బోర్డు 3.3 వోల్టుల ప్రాణి, పెట్టె 5 వోల్టుల ప్రాణి, మధ్యలో లెవెల్ మార్చే ఏర్పాటు ఉండాలి. ఇందులో ఇంకో సొగసు కూడా ఉంది. లాచ్ వచ్చాక జవాబుకి పెట్టె ఇచ్చే గడువు కొన్ని మైక్రోసెకండ్లు. ఆ కాస్తలో బ్లూటూత్ రిమోటుని పోయి అడిగి రావడం జరిగే పని కాదు. కాబట్టి అడాప్టర్ రిమోటు చెప్పిన తాజా సంగతిని ఎప్పటికప్పుడు దగ్గర పెట్టుకుని, పెట్టె అడగ్గానే అందులోంచి తీసిస్తుంది. అంటే క్యాషే! మీలో సగం మంది ఉద్యోగంలో చేసేది ఇదే పని, జీతం మాత్రం దీనికి ఇవ్వరు.

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వద్దాం. ఈఎంఐ బాబులు చెప్పిన కొత్త పెట్టెల సంగతి.

పీఎస్4కి ఇంట్లో స్టిక్ కట్టుకున్నవాళ్ళని అడగండి. లైసెన్సు ఉన్న రిమోటే చెప్పగలిగే రహస్య జవాబు చెప్పకపోతే, ఎనిమిది నిమిషాలకి కనెక్షన్ తెగిపోతుంది. ఎనిమిది నిమిషాలు! ఆడనివ్వకపోతే ఒక బాధ, బాస్ దగ్గరికి వచ్చాక కరెంటు తీసేసినట్టు తెంపేయడం ఇంకో బాధ. పీఎస్5 ఆటల్ని అదే కంపెనీ తెచ్చిన పీఎస్4 రిమోటుతో ఆడనివ్వరు. పీఎస్4 ఆటలైతే అదే పీఎస్5 మీద అదే రిమోటుతో నడుస్తాయి. అంటే తీగలో లోపం లేదు, రేడియోలో లోపం లేదు, ఎక్కడో ఒక షరతు రాసి ఉంది.

మైక్రోసాఫ్ట్ కథ ఇంకా బాగుంటుంది. 2018 సెప్టెంబరులో వాళ్ళు ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చారు. వెనక వరసగా 19 సాకెట్లు, పాత ఇయర్‌ఫోన్ పిన్ను సైజువి, పక్కన రెండు యూఎస్‌బీలు. ఒక్కో సాకెట్‌కి ఒక్కో స్విచ్చు, నీ ఒంటికి ఏది వీలైతే అది తగిలించుకో అన్నారు. నేను చేతులెత్తి మెచ్చుకున్న వస్తువది, ఇప్పటికీ మెచ్చుకుంటా. మా వాడి బెల్ స్విచ్చుకి ఒక పిన్ను అతికిస్తే దానికీ తగులుతుంది. అదే కంపెనీ 2023 అక్టోబరులో, అనుమతి లేని రిమోట్లూ అడాప్టర్లూ తగిలించినవాళ్ళ తెర మీద హెచ్చరిక పెట్టి, నవంబరు 12 నుంచి వాటిని పనిచేయకుండా ఆపేసింది. వికలాంగ ఆటగాళ్ళు గోల పెట్టారు, పెట్టరా మరి? ఒక్కొక్కరూ తమ ఒంటికి తగ్గట్టు నెలల తరబడి పోగేసుకున్న సరంజామా మధ్యలో లైసెన్సు లేని ఒక చిన్న డబ్బా ఉన్నందుకు మొత్తం మూగబోతుంది. ముందు గుమ్మానికి ర్యాంపు కట్టి, లోపల మెట్ల దగ్గర గేటు వేసినట్టుంది.

దీనికి మన సోదరుల సమాధానం సిద్ధంగా ఉంటుంది. "చీటింగ్ ఆపడానికి బ్రో." నిజమే, ఆ డబ్బాల్లో కొన్ని తుపాకీ వణుకు తగ్గించడానికీ, స్క్రిప్టులు నడపడానికీ అమ్ముతున్నవే. ఆన్‌లైన్లో ముక్కూమొహం తెలియని వాడితో పందెం ఆడేటప్పుడు ఆ పోటీ నియమాలు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. చదరంగం పోటీకి కంప్యూటర్ తెచ్చుకోనివ్వరు కదా. కానీ నా ఇంట్లో, నా టీవీ ముందు, నెట్ వైరు పీకేసి, నా కూతురితో ఆడుకుంటుంటే నేను ఎవర్ని మోసం చేస్తున్నాను? మ్యాచ్‌మేకింగ్ సర్వరు దగ్గర వేయాల్సిన తాళాన్ని సాకెట్ దగ్గర వేశారంటే, అది బద్ధకమైనా అయుండాలి, లైసెన్సు డబ్బులైనా అయుండాలి. రెండిట్లో దేనికైనా "సెక్యూరిటీ" అని పేరు పెట్టడం మన వృత్తికే సిగ్గుచేటు. ఒక లేయర్లో సమస్యకి ఇంకో లేయర్లో కట్టు కడితే డిజైన్ రివ్యూలో మనమే వాణ్ణి ఉతికి ఆరేస్తాం.

కంపెనీలకి తెలియక చేస్తున్నారా అంటే అదీ లేదు. ఫామికామ్ చేసిన నింటెండోయే 1989లో అమెరికాలో హ్యాండ్స్ ఫ్రీ అనే రిమోటు అమ్మింది. ఛాతీకి కట్టుకునే పెట్టె, గడ్డంతో తిప్పే స్టిక్, నోట్లో ఒక గొట్టం. గొట్టంలోకి ఊదితే ఒక బొత్తాం, పీలిస్తే ఇంకో బొత్తాం. చేతులు అసలే కదలని పిలకాయలు మారియో ఆడారు. దాని కోసం పెట్టెలో ఏం మార్చారు? ఏమీ మార్చలేదు. మార్చాల్సిన పని లేదు. అదే సాకెట్, అవే ఎనిమిది ప్రశ్నలు. క్యాసెట్ల మీద మాత్రం అదే కంపెనీ అమెరికా పెట్టెల్లో తాళం చిప్పు పెట్టింది, అంటే తాళం వేయడం చేతకాక కాదు. రిమోటు దగ్గర వేయాలన్న ఆలోచన ఇంకా పుట్టలేదంతే.

మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ట్రాక్టర్లూ, ఫోన్లూ, ఫ్రిజ్జులూ, కార్లూ ఉన్నాయి, మంచిదే. కానీ రిపేరు హక్కంటే విరిగిన దాన్ని మళ్ళీ అదేలా చేసుకునే హక్కు. మా వాడికి రిమోటు బాగు చేసిచ్చి ఏం లాభం? విరిగింది రిమోటు ఒక్కటే కాదు. వాడికి కావాల్సింది వేరేది తగిలించుకునే హక్కు. దానికి మనకింకా పేరు కూడా లేదు. పేరు లేదు కాబట్టి ప్రొడక్ట్ మీటింగులో ఎవరూ అడగరు. యాక్సెసిబిలిటీ అనగానే బటన్ రంగూ, ఫాంటు సైజూ, ఆల్ట్ టెక్స్టూ చూసి టిక్కు కొట్టేస్తాం. ఆ బటన్ని నొక్కేది ఏంటి అన్న ప్రశ్న టెంప్లేటులో లేదు.

"ఏదో నాలుగు పాత డబ్బాల గురించి ఇంత గొడవా" అంటారేమో. డబ్బాలతో ఆగితే నేనూ ఊరుకునేవాణ్ణి. ప్రింటరు సొంత కంపెనీ కార్ట్రిడ్జు కాకపోతే మొరాయించడం చూశాం. ట్రాక్టరు డీలరు వచ్చి ల్యాప్‌టాప్ తగిలిస్తే గానీ కొత్త భాగాన్ని ఒప్పుకోకపోవడం గురించి అమెరికా రైతులు కోర్టుల దాకా పోయారు. రేపు రొయ్యల గుంటలో గాలి తిప్పే ఏరేటర్ల కంట్రోలరు "ఈ సెన్సరు మా కంపెనీది కాదు" అని అర్ధరాత్రి ఆగిపోతే, తెల్లారేసరికి గుంటంతా తేలిపోతుంది. ఆ కోడు రాసేవాడు కూడా నెల్లూరు వాడే కావచ్చు, హైటెక్ సిటీలో కూర్చుని.

కాబట్టి అయ్యలారా, మీలో ఫర్మ్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళు, పెరిఫెరల్ టీముల్లో ఉన్నవాళ్ళు, కనీసం డివైజ్ ఆథెంటికేషన్ అనే మాట టికెట్లో కనబడినవాళ్ళు ఒక్క పని చేయండి. నెట్ లేనప్పుడు ఈ తనిఖీ ఎందుకు నడవాలని అడగండి. రాతపూర్వకంగా అడగండి, టికెట్లోనే అడగండి, జవాబు కూడా అక్కడే ఉండేలా. "లీగల్ వాళ్ళు చెప్పారు" అంటే ఏ నిబంధనో అడగండి. ఉద్యోగాలు మానేసి ఉద్యమాలు చేయమనడం లేదు. ఆఫ్‌లైన్లో ఆ ఫ్లాగు ఆపి ఉంచమంటున్నా, అంతే.

మా వాడి పెట్టెకి రెండో సాకెట్ పిన్నులు బాగా చిలుము పట్టి ఉన్నాయి. కూతురికి మామూలు రిమోటు చాలు, కానీ తనకీ కాలితో ఎగిరేదే కావాలట. ఇంకో బెల్ స్విచ్చూ, ఇంకో 4021 కొనిపెట్టా. ఈ ఆదివారం ఆ పని చూడాలి.